దాలినాయుడి రెండో సగం

ఓ చెల్లెమ్మా, నిన్నే! పొయ్యి మీద పప్పు పడేసి పత్రిక పట్టుకున్నావు కదూ? ముందు లేచి మంట తగ్గించిరా. అది మాడితే మీ ఆయన నిన్నేమీ అనడు, ఈ శంకరరావు కథ వల్లే మాడిందని నన్ను తిడతాడు.

వచ్చావా? కూర్చో. పోయిన వారం చదవలేదు కదా, చదివినట్టు ఆ తలూపడం ఎందుకు? పక్కింటావిడ పట్టుకుపోయి ఇంకా తిరిగివ్వలేదు. నాకు తెలుసు.

ఒక పందెం. ఈ వారం మా ఇంట్లోవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బోల్తా కొట్టించబోతున్నారు. చివరికి పడేదెవరో ముందే చెప్పావా, నా మీసం తీయించేస్తాను. పెళ్ళినాటి నుంచి పెంచుకున్న మీసం. చెప్పలేవనే ధైర్యంతోనే అంటున్నాను.

పద, మా అప్ప, అదే మా అక్క, క్వార్టర్‌కి. మనం వెళ్ళేసరికే గొడవ మొదలైపోయింది.

"నువ్వు వెళ్ళకూడదమ్మా. అంతే," అంటున్నాడు రమణబాబు, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

మా అప్ప అచ్చియమ్మ వాడి చంక కింద నుంచి చెయ్యి పోనిచ్చి దండెం మీది పట్టుచీర లాక్కుంది.

"ఏటిరా వెళ్ళకూడదు? కాలనీ కాలనీ అంతా వెళ్తాది. పక్క క్వార్టర్ కనకం నిన్ననే విజయనగరం నుంచి దిగింది, ఒళ్ళు నొప్పులతో అదీ వస్తానంది. కన్నదాన్ని నేను వెళ్ళకూడదా?"

"కాలనీ వేరు, నువ్వు వేరు."

"అవున్రా. కాలనీ టిక్కెట్టు కొనుక్కున్నాది. నేను నిన్ను మోసినాను."

"సినిమా బాగోలేదమ్మా."

"నువ్వు పుట్టినప్పుడు నువ్వూ బాగోలేవు. పారేసినానా?"

రమణబాబు అంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరికీ తెలియకపోవచ్చు. డైనమైట్ దాలినాయుడు అంటే తెలియనివాడు లేడు. మా అప్ప కొడుకు, నా మేనల్లుడు, నా కూతురు ప్రసూన మొగుడు. పద్నాలుగేళ్ళలో ఏడు దాలినాయుడు సినిమాలు. మద్రాసులో మిగతా హీరోలకి గుర్రం ఎక్కడం వచ్చు. మావాడికి కదిలే గూడ్సు ఎక్కడం వచ్చు. కుర్రతనంలో మా లోకోషెడ్డులో ఇంజన్లు తుడిచేవాడు. ఇంజను వెనక బొగ్గు కుప్ప మీద నడిచి నడిచి నేర్చుకున్నాడు. మొదటి సినిమా ఆడినప్పుడు ఈ కాలనీలో పిల్లలు వ్యాగన్లు ఎక్కకుండా తండ్రులు బెల్టులు తీసుకుని యార్డులో కాపలా కాశారు.

ఏడోది 'దాలినాయుడి ఆఖరి దెబ్బ'. మావాడికి అదే చివరిది. ఎనిమిదో దాలినాయుడు వేరే కుర్రాడట. ఆంధ్రాలో ఆ ఏడోది ఎప్పుడో వచ్చింది, వచ్చినట్టే పోయింది. ఇప్పుడు, ఈ తొంభై ఒకటి చలికాలంలో, మా తెలుగు సంఘంవాళ్ళు ఆదివారం పొద్దుటాటకి రైల్వే ఇనిస్టిట్యూట్ హాల్లో వేస్తున్నారు. దాలినాయుడేమో గడ్డం పెంచుకుని తల్లి క్వార్టర్‌లో వెనకగది మంచం మీద పడుకుని ఉంటున్నాడు.

"కళ్ళు మండుతున్నాయన్నావు కదా. చీకట్లో సినిమా చూస్తే ఇంకా మండుతాయి," అన్నాడు వాడు, ఇంకో దారి పట్టి.

"మండుతున్నాయి. నీ గడ్డం చూసి."

"అమ్మా, నా మాట విను."

"నువ్వు నా మాట విను. రేపు నువ్వూ వస్తావు. నా పక్కన కూకుంటావు."

"నేను రాను."

అప్ప చీర మడత మీద మడత వేసింది.

"సరే. నేనొక్కదాన్నే వెళ్తాను," అంది చివరికి. "పక్క కుర్చీలో నా సంచీ పెట్టుకుంటాను. ఎవరిదని అడిగితే మావాడిదని చెప్తాను."

వాడు గుమ్మంలోంచి తప్పుకున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి మినప్పప్పు రుబ్బడం మొదలుపెట్టింది. ఆ రుబ్బడంలో పప్పు మీద కోపం ఏమీ లేదు, కొడుకు మీదే.

నేను వాణ్ణి వరండాలోకి లాక్కొచ్చాను. అక్కడ ప్రసూన మెంతికూర ఆకులు తుంచుతోంది. అది రైల్వే స్కూల్లో తెలుగు చెప్తుంది. పక్కన వాళ్ళమ్మాయి శ్వేత పరీక్షకి బట్టీ పడుతోంది. ఆ పిల్లకి తెలుగు మాట్లాడ్డం అరకొర, చదవడం ఇంకా అరకొర.

"అచ్ఛా అల్లుడూ, ఇప్పుడు చెప్పు. ఆ సినిమాలో అంత చూడకూడనిది ఏటుంది?"

"నేను చచ్చిపోతాను మావా."

"ఓస్! సినిమాలో చావడానికే ఇంత గడ్డమా?"

"చచ్చేది నేను కాదు. అదే చెప్తున్నాను. విశ్రాంతి దాకా నేను. తర్వాత ముసుగు కట్టుకున్న ఎవడో డూపు. సున్నపు బట్టీలో పడి చస్తాడు. చంపేది విలన్ అయినా బాగుండును. విలన్ కారు డ్రైవరు చంపుతాడు."

నాకు నవ్వొచ్చింది. వాడి మొహం చూసి మింగేశాను.

"మధ్యలో నువ్వేటయిపోయావు?"

"దాలినాయుణ్ణి చంపేస్తామన్నారు. నేనొప్పుకోనని సగం షూటింగులో రైలెక్కి ఇక్కడికి వచ్చీసినాను కదా, అప్పుడు."

"మగాడివి."

"ఆ మగతనం వారం రోజులు. తర్వాత బుద్ధొచ్చింది. పద్నాలుగేళ్ళు అన్నం పెట్టిన వేషం, దాని చావు కూడా నేనే చావాలి కదా అనిపించింది. స్టేషన్ ముందర ఎస్‌టీడీ బూత్ నుంచి సినిమా మేనేజర్‌గారికి ఫోన్ కొట్టినాను. తలొంచినాను మావా. అయినా ఆ మనిషికి జాలి లేకపోయింది. మళ్ళీ పిలవనేలేదు."

ఆ మేనేజర్ని నేను అప్పటినుంచీ రోజుకొక కొత్త తిట్టు తిడుతున్నాను. కాలనీ పిల్లలు వాటిని నేర్చుకుని క్రికెట్‌లో వాడుకుంటున్నారు. ఇంకోటి మొదలుపెట్టబోయాను. ప్రసూన చెయ్యెత్తి ఆపింది.

"బావా, ఫోన్లో ఏమన్నావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్పినాను కదా, సరే అన్నాను."

"ఏ మాటతో?"

"మర్యాదగానే అన్నాను. 'ఇంక గొడవ వద్దు సార్, నేను రాజీనామాకి రెడీ' అన్నాను. ఆయన కాసేపు ఆగి, 'మీ ఇష్టం బాబూ, నిర్మాతగారికి చెప్తాను' అన్నాడు. బస్."

ప్రసూన చేతిలో మెంతికాడ అలాగే ఉండిపోయింది.

"రాజీనామా అంటే ఏటి బావా?"

"ఏటేటి? రాజీనామా అంటే రాజీనామాయే."

"సమ్‌ఝౌతా, మమ్మీ," అంది శ్వేత పుస్తకంలోంచి తలెత్తకుండా. "దోనోఁ పార్టీ రాజీ హో జాతే హైఁ, తో రాజీనామా."

"రాజీ పడడం అనేది నీ హిందీలోనే. తెలుగులో?"

శ్వేత తలెత్తింది. రమణబాబు భార్య వైపు చూశాడు. భార్య నా వైపు చూసింది. నేనేం చెప్పను? నాలుగో క్లాసులో బడి మానేసినవాణ్ణి. కానీ ఆ మాట నాకూ తెలుసు. శ్రీకాకుళంలో మా చిన్నాన్న కరణీకం వదిలేసినప్పుడు ఊరంతా ఆ మాటే అనుకుంది.

"తెలుగులో అయితే, నేను మానేస్తున్నానని అర్థం," అంది ప్రసూన నెమ్మదిగా. "నువ్వు సర్దుకుపోతానని చెప్పావు. ఆయన వదిలేస్తానని విన్నాడు."

క్వార్టర్ వెనక బొగ్గు గూడ్సు పోతోంది. ఎంతకీ తరగనట్టుంది ఆ గూడ్సు.

"అంటే నన్నెవరూ తీసెయ్యలేదా?" అన్నాడు వాడు.

"లేదు బావా."

"ఇప్పుడు ఫోన్ చేసి చెప్తే?"

"ఏమని చెప్తావు? సినిమా వచ్చింది, పోయింది."

వాడు నవ్వాడు. చప్పుడు లేని నవ్వు.

"తెలుగు చదవడం రాక ఏడు సినిమాల్లో డైలాగులన్నీ నాగరి అక్షరాల్లో రాయించుకుని పెదాలాడించినాను మావా. గొంతు వేరేవాడిది. అంత పెద్ద సినిమావాళ్ళ దగ్గర నా సొంతంగా, నా గొంతుతో చెప్పిన తెలుగు డైలాగు ఇదొక్కటే."

నేను మెంతికాడ ఒకటి తీసుకుని తుంచడం మొదలుపెట్టాను చెల్లెమ్మా. వంటింట్లో రోలు చప్పుడు ఎప్పుడాగిందో నేను గమనించలేదు, అది మళ్ళీ మొదలయ్యాకే తెలిసింది.

"అమ్మ చూడకూడదు," అన్నాడు వాడు గొంతు తగ్గించి. "కొడుకు చచ్చిపోయాడని ఏడిస్తే ఓదారుస్తాను. 'వీడు నువ్వు కాదు, నువ్వేటయిపోయావురా?' అని అడుగుతాది చూడు, అప్పుడేటి చెప్పను? నీ కొడుకు తన నోటితోనే పోగొట్టుకున్నాడని చెప్పనా? నా సినిమా పోయింది, పోనీ. అమ్మ దగ్గరైనా నన్ను దాలినాయుడిలా ఉండనీ మావా. జీవితమంతా అందరి మీదా వేషాలు వేసినావు. ఒక్కటి నా కోసం వెయ్యి."

ఇలాంటి మాటంటే నాకు ఒళ్ళు పొంగిపోతుంది. గార్డు పెట్టెలో కప్పని దాచి, బండితో పాటు సిగ్నల్ దాటించినవాణ్ణి. మా సంఘం సెక్రటరీ గోవిందరావు కొత్త చెప్పులకి పార్సిల్ చీటీ అంటించి, అవి కర్గీ రోడ్ స్టేషన్ దాకా వెళ్ళి తిరిగొచ్చేలా చేసినవాణ్ణి. నేను పనిచేసేది పార్సిల్ ఆఫీసులో. సినిమా రీళ్ళ పెట్టెలు దిగేది నా చేతి మీదే.

"ఈసారి ఒక్క సినిమా రాలేదు, రెండొచ్చాయి," అన్నాను. "ఈ ఆదివారానికి ఏడోది. వచ్చే ఆదివారానికి మూడోది."

వాడి కళ్ళు ఒక్కసారి వెలిగాయి. మూడోది 'దాలినాయుడి దండయాత్ర'. వాడి సినిమాలన్నిటిలోకీ అదే సినిమా. అందులో వాడు వంతెన మీద గూడ్సు కొస నుంచి కొసకి పరిగెడతాడు. ఎక్కడా కత్తెర పడదు.

"ఒక్కో సినిమాకి రెండు పెట్టెలు. మొదటి సగం ఒకటి, రెండో సగం ఒకటి. పెట్టెలన్నీ ఒక్కలాంటివే, మీద అంటించిన లేబులే తేడా. నేను రెండో సగాల లేబుళ్ళు ఇటుది అటు, అటుది ఇటు అంటించేస్తాను. విశ్రాంతి తర్వాత మూడోదాని రెండో సగం ఆడతాది. నువ్వే ఉంటావు. గెలుస్తావు కూడా."

"విశ్రాంతికి ముందు పొట్ట, విశ్రాంతి తర్వాత నడుమూనా?"

"పకోడీలు తినడం మానేసి తగ్గినావనుకుంటారు."

"జనం పట్టేస్తారు మావా."

"పట్టనీ. ఈల వేసేవాడికి ఏ సగమైతే ఏటి?"

ప్రసూన తల అడ్డంగా ఊపింది. కానీ వద్దనలేదు.

"ప్రొజెక్టర్ రాంప్రసాద్‌కి చెప్పాలి కదా నాన్నా?"

"చెప్తే అది వేళాకోళం ఎలాగవుతాది? రాంప్రసాద్ నోట్లో నువ్వుగింజ నానదు. వాడు లేబులు చూసి ఎక్కించడమే, రీలు విప్పి చూడడు."

రమణబాబు చాలాసేపు తన గడ్డం నిమురుకున్నాడు.

"అయితే నేనూ వస్తాను," అన్నాడు. "అమ్మ పక్కన కూకుంటాను."

వంటింట్లో రోలు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం అప్ప స్టీలు టిఫిన్ పట్టుకుని బయల్దేరింది. మూత సందులోంచి బూరెల వాసన.

"ఎవరికప్పా?"

"రాంప్రసాద్ కోడలికి నెలలు నిండినాయి. నోటికి ఏటీ రుచించట్లేదట."

"నాకు రుచిస్తాది. ఒకటియ్యి."

"నీకు రేపు పెడతాను. ఏడవకు."

ఇంత వయసొచ్చినా ఒక బూరె కోసం మా అప్ప చేత మాట పడ్డాను చూశావా! పడ్డాను, మరిచిపోయాను.

ఆదివారం పొద్దున్న రాంప్రసాద్ టీకి వెళ్ళిన సందు చూసుకుని ఇనిస్టిట్యూట్ వెనక గదిలో దూరాను. పెట్టెలు నాలుగూ వరసగా ఉన్నాయి. తడి తువ్వాలుతో లేబుళ్ళు నానబెట్టి లాగాను. పోస్టర్లంటించే మైదాపిండి బకెట్ అక్కడే ఉంది. ఇటుది అటు, అటుది ఇటు. చెయ్యి తుడుచుకుని ఈల వేసుకుంటూ బయటికొచ్చాను. రాంప్రసాద్ ఎదురయ్యాడు.

"కా హోగే మామా, పొద్దున్నే ఖుషీ?"

"మా అల్లుడి సినిమా. ఖుషీ కాకపోతే ఏటి?"

"హౌ, హౌ," అని తలూపాడు వాడు, ఏదో దాచుకున్నవాడిలా పళ్ళికిలించి. బూరెలు బాగున్నాయి కాబోలనుకున్నాను.

హాలు నిండింది. పక్క ఊళ్ళు మంగ్లా నుంచీ లింగియాడీహ్ నుంచీ కూడా వచ్చారు. రమణబాబు గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, తల్లి చెయ్యి పట్టుకుని నడిచొచ్చాడు. అడుగడుగునా పిల్లలు వాణ్ణి ముట్టుకుని చూశారు. అప్ప పట్టుచీరలో, పక్క కుర్చీలో సంచీ పెట్టాల్సిన పని లేకుండా, మహారాణిలా కూర్చుంది. వాడికి ఇటు తల్లి, అటు నేను. నా పక్కన ప్రసూన, శ్వేత.

దీపాలారాయి. సొరంగంలోంచి బండి వచ్చింది. బండి మీద దాలినాయుడు లేచి నిలబడ్డాడు.

ఆ ఈలలు! పైకప్పు రేకులు లేచిపోయాయనుకున్నాను. చీకట్లో రమణబాబు మొహం మీద తెర వెలుగు పడుతోంది. చాన్నాళ్ళకి ఆ మొహంలో మావాడు కనిపించాడు.

కానీ చెల్లెమ్మా, నిజం చెప్పాలి. తెర మీది మనిషి అలిసిపోయి ఉన్నాడు. జుట్టుకి వేసిన రంగు చెవుల మీదికి దిగింది. పొట్టని బెల్టు పట్టి ఆపింది. దూకడం ఒక షాట్‌లో, కింద దిగడం ఇంకో షాట్‌లో. మధ్యలో కత్తెర. విలన్‌కి వార్నింగ్ ఇచ్చేటప్పుడు కూడా ఎక్కడైనా కూర్చుంటే బాగుండునన్నట్టు చూస్తున్నాడు. మొదట వేసిన ఈలలు రెండోసారికి సగమయ్యాయి. మూడోసారికి పెద్దవాళ్ళు మానేసి పిల్లలే వేశారు.

"మోకాలు నొప్పెడుతోందిరా నీకు?" అంది అప్ప కొడుకు చెవిలో.

"లేదమ్మా."

"ఇప్పుడు కాదు. అక్కడ. తెర మీద."

వాడు కాలు ముందుకి చాపుకున్నాడు.

"అక్కడ నొప్పెట్టిందమ్మా."

"అనుకున్నాను," అని ఆవిడ వాడి మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది.

తెర మీద 'విశ్రాంతి' పడింది. శ్వేత ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "వి... శ్రాం... తి. అచ్ఛా, విశ్రామ్! అబ్ పాపా రెస్ట్ కరేంగే?" వాళ్ళమ్మ దాని తొడ గిల్లింది.

అప్ప సంచీలోంచి బూరెలు తీసి అందరికీ పంచింది. నాకు రెండు పెట్టింది. వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ కిటికీ వైపు చూసి ముసిముసిగా నవ్వుకుంది. పాపం, కొడుకు ఆఖరి సినిమా అని మురిసిపోతోందనుకున్నాను. నేనూ అటు చూసి నవ్వుకున్నాను. బూరె నములుతూ రమణబాబు మోచేతిని పొడిచాను.

"ఇప్పుడు చూడు. పదేళ్ళు తగ్గుతావు."

దీపాలారాయి. రీలు తిరిగింది.

కొండ దారిలో కారు వస్తోంది. కారులోంచి ముసుగు మనిషి దిగాడు.

"మావా?"

"ఉండు. మొదట్లో ఏదో ముక్క అతికుంటాది. ఇప్పుడు మారతాది."

మారలేదు. ముసుగు మనిషి పట్టాల వైపు పరిగెత్తాడు. కదిలే గూడ్సు కమ్మీ పట్టుకున్నాడు. బండి పోయే దిక్కుకి వీపు పెట్టి ఎక్కాడు.

మా కాలనీలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు, అలా ఎక్కితే బండి మనిషిని విసిరికొడుతుంది. ముందు వరసలోంచి ఎవడో బుడతడు లేచి అరిచాడు. "అరే, యే దాలినాయుడు నహీఁ హై!"

హాలంతా నవ్వింది. తర్వాత నవ్వు ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. అసలు దాలినాయుడు హాల్లోనే కూర్చున్నాడని అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

నా నోట్లో బూరె నోట్లోనే ఉంది. రమణబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. మొదట గట్టిగా. తర్వాత వదిలేశాడు. ముసుగు మనిషి సున్నపు బట్టీ గట్టు మీద కారు డ్రైవర్‌తో కలబడుతున్నాడు. వాడు తోశాడు. వీడు పడ్డాడు. తెల్లటి పొగ లేచింది. ఏడు సినిమాలు, పద్నాలుగేళ్ళు, అంతే.

రమణబాబు లేచి నిలబడ్డాడు. ప్రొజెక్టర్ వెలుగుకి వాడి నీడ తెర మీద పడింది. సున్నపు పొగ మీద దాలినాయుడి నీడ, భుజాలతో సహా. వెనక నుంచి ఎవడో అలవాటు కొద్దీ ఈల వేశాడు.

ఆ ఈలకి వాడు ఒక్క క్షణం ఆగాడు. తల్లి వైపు చూడలేదు. మోకాళ్ళు దాటుకుంటూ, ఒక కాలు కొంచెం ఈడుస్తూ, పక్క తలుపు తోసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు. ప్రసూన పరిగెత్తింది. దాని వెనక శ్వేత.

మధ్యలో ఖాళీ కుర్చీ. అటు మా అప్ప, ఇటు నేను. ఆవిడ తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఒరే శంకరం."

"ఏటప్పా?"

"ఆ పెట్టెలు నువ్వు గానీ ముట్టుకున్నావేటి?"

నేను నోట్లో బూరె మింగేశాను. ఆవిడకి అది చాలు.

"ఏటి చేసినావు?"

"లేబుళ్ళు మార్చినాను. నువ్వు చూడకూడదని. వాడు బతిమాలినాడు."

అప్ప కళ్ళు మూసుకుంది.

"నేను నిన్న సాయంత్రం లోపలి రీళ్ళు మార్పించినాన్రా, రాంప్రసాద్ చేత. పైన లేబుళ్ళు అలాగే ఉంచమన్నాను, గోవిందరావుకి అనుమానం రాకుండా. కనకం విజయనగరంలో ఈ సినిమా చూసొచ్చి మొత్తం చెప్పీసింది. వాడు పదిమందిలో కూకుని ఈ చావు చూడకూడదని మార్పించినాను. నువ్వు దాన్ని మళ్ళీ మొదటికి తెచ్చీసినావు."

"మరి నువ్వు రాకపోతే సరిపోయేది కదప్పా? వాడు అదే కదా ఏడ్చింది!"

"నేను బయల్దేరకపోతే వాడు మంచం దిగుతాడా? ఒక్కసారి ఆ ఈలలు వింటాడని తెచ్చినాను. ఆ రాజీనామా గోల కూడా విన్నాను. రోలు ఆపి విన్నాను. అది వాడు నాకు చెప్పనక్కర్లేకుండా ఇంటికి తీసుకుపోదామనుకున్నాను."

ఆవిడ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత ఆ ఖాళీ కుర్చీలో తన సంచీ పెట్టింది.

"వాడు నోటితో చేసుకున్నాడు. నువ్వు చేత్తో చేసినావు."

నిన్న మేమిద్దరం ఆ వంటింట్లో రెండు నిమిషాలు కూర్చుని ఒక రాజీకి వచ్చుంటే సరిపోయేది. ఏ భాషలో రాజీ అయినా ఫర్వాలేకపోయేది.

తెర మీద ఊరంతా ముసుగు మనిషికి దణ్ణం పెడుతోంది. పక్క తలుపు ఇంకా తెరిచే ఉంది. ఎండ చార హాలు మధ్యదాకా పడింది. ఆ చారలోకి రమణబాబు నీడ తిరిగి రాలేదు.

చీకట్లో నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.